గెట్టు పంచాయితీలో చేతులు వణికితే

శ్రోతలందరికీ నమస్కారం.

గెట్టు పంచాయితీ, అంటే పొలం హద్దు తగాదా, నడుస్తున్నది. పాలోళ్లు ఒకవైపు, మీరొకవైపు, నడుమ పెద్దమనుషులు. పట్టా పాసుబుక్కు మీ చేతిలోనే ఉన్నది, న్యాయం కూడా మీవైపే ఉన్నది. అయినా మాట్లాడబోయేసరికి చేతులు గజగజ వణుకుతాయి, మోకాళ్లు ఆడతాయి, గొంతు పూడుకుపోతుంది. ఎదుటివాడు "చూసిన్రా, అబద్ధం గనుకనే వణుకుతున్నడు" అంటాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి తేమ దగ్గర ఖరీదుదారుతో మాటామాటా పెరిగినా, సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అధికారి ముందు నిలబడినా ఇదే బాధ. వణుకుకూ అబద్ధానికీ సంబంధం లేదు. పిరికితనానికీ లేదు.

మనందరి చేతులూ ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి, సెకనుకు 8 నుంచి 12 సార్లు. అది కంటికి ఆనదు. చెయ్యి చాపి, వేళ్ల మీద ఒక పలుచని కాగితం పరిచి చూడండి, అంచులు అదురుతుంటాయి. తగాదా మొదలుకాగానే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. కొట్లాడటానికో, ఉరకటానికో ఒంటిని సిద్ధం చేసే రసాయనం అది. గుండె వేగం పెరుగుతుంది, చేతుల చర్మానికి రక్తం తగ్గి వేళ్లు చల్లబడతాయి, ఆ కంటికానని వణుకు పెద్దదై బయటపడుతుంది. మీరేమో కొట్లాడరు, ఉరకరు, నిలబడి మాట్లాడతారు. ఒంట్లో పుట్టిన ఆ బలానికి పని దొరకదు. అందుకే "వణకొద్దు, వణకొద్దు" అని చేతిని బిగబట్టిన కొద్దీ వణుకు ఎక్కువవుతుంది.

ఇట్లాంటప్పుడు పక్కవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చుకో" అంటారు. మంచికే అంటారు గానీ, దానితోనే చాలామంది పని చెడగొట్టుకుంటారు. ఛాతీ నిండా గబగబా నాలుగైదు సార్లు పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి ఎక్కుతుంది, తల తిరుగుతుంది, వేళ్లు కొంకర్లు కూడా పోవచ్చు. వణుకు తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. కాబట్టి మొదట చేయాల్సింది పీల్చడం కాదు, వదలడం. లోపలున్న గాలిని పెదవులు సన్నగా చేసి, వేడి చాయ్ మీద ఊదినట్టు మెల్లగా వదలండి. పొయ్యి మీద ఊదుగొట్టంతో ఊదినట్టు బలంగా వద్దు. తర్వాత ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చండి, ఆరు లెక్కపెట్టే దాకా వదలండి. భుజాలు లేవకూడదు, పొట్ట కదలాలి. ఒక్కొక్కటి పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, అందుకే వదలడాన్ని పొడిగిస్తున్నాం. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ ఇది చేయవచ్చు, ఎవరికీ కనబడదు. ఒకటి రెండు నిమిషాల్లో తేడా తెలుస్తుంది.

ఆ తర్వాత బలానికి పని చూపించాలి, పెద్ద కండరాలతో. పాదాలను భుజాలంత ఎడంగా పెట్టి బరువు రెండు కాళ్ల మీదా సమానంగా వేయండి. మోకాళ్లను వెనక్కి బిర్రబిగిస్తే కాళ్లు ఇంకా వణుకుతాయి, కొంచెం వంచి ఉంచాలి. తొడలు, పిరుదులు అయిదు సెకన్లు బిగించి, పది సెకన్లు వదిలేయండి. నాలుగైదు సార్లు చాలు. బిగించేటప్పుడు ఊపిరి ఆపొద్దు, చాలామంది అక్కడే పొరపడతారు. చాప మీద కూర్చుంటే అరచేతులతో తొడలను కిందికి నొక్కండి.

వణుకు బాగా కనబడేది ఆధారం లేని వేళ్ల కొసల్లోనే. అందుకని మోచేతులను పక్కటెముకలకు ఆనించుకోండి. విడి కాగితం పట్టుకుంటే చిన్న వణుకు కూడా ఊరంతటికీ కనబడుతుంది, కాగితాలను అట్ట ఫైలులో పెట్టి రెండు చేతులతో పట్టుకోండి. నీళ్ల గ్లాసు సగమే నింపమనండి. సంతకం పెట్టమంటే ముంజేతినంతా బల్ల మీద ఆనించి పెట్టండి. అసలు మనసు కుదురుగా లేనప్పుడు సంతకమే వద్దు. "చదివి పెడత, జర టైమియ్యుండ్రి" అనడం మీ హక్కు.

గొంతు సంగతి. స్వరపేటిక చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని గొంతు సన్నబడుతుంది, నోరు ఎండుతుంది. వణుకు దాచడానికి అరిచేవాళ్లున్నారు. అరిస్తే ఎదుటివాడూ అరుస్తాడు, మీ ఒంట్లో అడ్రినలిన్ మళ్లీ పొంగుతుంది. గుటకెడు నీళ్లు తాగి, కొంచెం కింది స్వరంలో, ఆరేడు మాటలకు మించని వాక్యాలతో మాట్లాడండి. మొదటి వాక్యం ఇంటి దగ్గరే తయారుచేసుకోవాలి. అందులో ఒక లెక్కో, చేయాల్సిన పనో ఉండాలి. "నా పాసుబుక్కుల రెండెకరాల పది గుంటలున్నది, సర్వే చేయించుండ్రి." "తేమ మిషను మల్ల పెట్టి అందరికీ సూపెట్టుండ్రి." ఇంట్లో మెట్లు రెండు నిమిషాలు ఎక్కిదిగి, గుండె దడదడలాడుతుండగానే ఆ వాక్యాన్ని బయటికి పలకండి. రోజూ ఇట్లా చేస్తే ఆ దడలో మాట్లాడటం నోటికి అలవాటవుతుంది. అప్పటికీ వణుకు కనబడితే దాచకండి. "నా చేతులు వణుకుతున్నయ్, అయినా నా మాట వినుండ్రి" అనేస్తే సగం బరువు దిగుతుంది.

పొద్దున పదకొండు గంటలకు పంచాయితీ ఉంటే పరగడుపున మూడు చాయ్‌లు తాగి పోవద్దు. చాయ్‌లోని కెఫీన్ సగం తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది, వణుకును పెంచుతుంది. ఏదైనా తిని వెళ్లండి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లకు వణుకుతో పాటు చెమట, ఆకలి కూడా వస్తే అది షుగర్ పడిపోవడం కావచ్చు. పరీక్షలో షుగర్ 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసుకోవాలి. తగాదా ఆగుతుంది, అది ఆగదు.

కల్లు విషయం మన జిల్లాల్లో చెప్పక తప్పదు. ధైర్యం కోసం తాగి పోయేవాళ్లున్నారు. తెల్లారి మత్తు దిగేసరికి వణుకు ఇంకా పెరుగుతుంది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం వంటి మత్తుమందులు కలుపుతారు. దానికి అలవాటుపడినవాళ్లు ఒక్కసారిగా మానితే వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ దాకా పోతుంది. అట్లాంటివాళ్లను ఇంట్లో పెట్టుకోకుండా వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

వణుకు తగ్గే మాత్ర ఉందని ఎవరో చెబితే మెడికల్ షాపులో ప్రొప్రనలాల్ కొని వేసుకుంటున్నారు. 1960లలో జేమ్స్ బ్లాక్ గుండెనొప్పి కోసం కనిపెట్టిన మందు అది, 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వణుకును నిజంగానే తగ్గిస్తుంది. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరాడకుండా చేస్తుంది, షుగర్ పడిపోయే గుర్తులను కప్పేస్తుంది. డాక్టరు చూసి రాస్తేనే వేసుకోవాలి. ఏ తగాదా లేకుండానే వణికితే, ఒక చెయ్యి మాత్రమే ఊరకున్నప్పుడు కూడా వణికితే, బరువు తగ్గుతూ దడ వస్తుంటే డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం కావచ్చు. ఈ భయంతో మనుషుల్లోకి పోవడమే మానేసినవాళ్లు 14416 కు ఫోన్ చేయవచ్చు. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఎదుటివాడు తాగి ఉన్నా, చేతిలో కర్ర ఉన్నా ఈ మెలకువలేవీ పనికిరావు. అక్కడి నుంచి వచ్చేసి 112 కు ఫోన్ చేయండి.

కొందరికి మాట్లాడేటప్పుడు ఏమీ ఉండదు, అంతా అయిపోయాక వణుకు మొదలవుతుంది. అడ్రినలిన్ రక్తంలోంచి కొన్ని నిమిషాల్లోనే తగ్గినా, ఒళ్లు కుదుటపడటానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. నీళ్లు తాగి, నీడన నాలుగడుగులు నడవండి. వణుకును ఆపకండి, రానివ్వండి. బండి వెంటనే తీయొద్దు. తాళంచెవి తడబడకుండా ఒక్కసారికే ఎక్కిందంటే అప్పుడు బయలుదేరండి.