బిల్లు లేని పటకారు

(విశ్వకర్మ పూజ రోజున హైదరాబాద్ కుషాయిగూడలో, ఒక కాలనీ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించాలని రాసుకొచ్చాను. వంటలు సిద్ధమయ్యాయని ఇప్పుడే చీటీ అందింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టేస్తున్నాను, మన్నించాలి.

నన్ను కోనసముద్రం ఉక్కు గురించి మాట్లాడమన్నారు. నిజామాబాద్ జిల్లాలోని ఊరు అది. మట్టి మూసల్లో ఉక్కు కరిగించి ముద్దలుగా తీసేవారు. వాటికోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. బాగుంది, గర్వపడదాం. అయితే నిప్పుల్లోంచి ఆ మూసను తీసిన పటకారు ఏ దుకాణంలో కొన్నారంటారు? వడ్రంగికి ఉలి కావాలన్నా, రైతుకు కొడవలి కావాలన్నా కమ్మరి గడప తొక్కాలి. కమ్మరికి సుత్తి కావాలంటే తన కొలిమి దగ్గరికే వెళ్లాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. కోనసముద్రం ఇంతటితో సరి.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న కొలిమి ఉంది. తిత్తికి బదులు బ్లోయరు. చూడటానికి వచ్చినవారంతా ఒకటే అడుగుతారు: పటకారు చేయాలంటే ముందు పటకారు కావాలి కదా అని. అక్కర్లేదు. 16 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు కడ్డీ రెండడుగులది తీసుకోండి. ఒక కొస నిప్పులో, రెండో కొస చేతిలో. కాలిన కొసను దాగలి, అంటే సుత్తి దెబ్బ కాసే ఇనుప దిమ్మె, అంచు మీద సగం ఆనించి కొడితే దవడ వస్తుంది. కడ్డీని పావు వంతు తిప్పి, ఇంకాస్త ముందుకు జరిపి కొడితే, రెండు ముక్కల్ని కలిపే రివెట్టుకు బెజ్జం పడే చోటు తయారవుతుంది. మిగిలింది సాగగొడితే కాడ. ఇలాంటివి రెండు.

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. రెండు చేతుల్లా ఒకటి కుడిది, ఒకటి ఎడమది ఉండాలనుకున్నాను. ఆదివారమంతా కొట్టి రెండోదాన్ని మొదటిదానికి ఎదురుగా చేశాను. రివెట్టు వేయబోతే దవడలు ఒకదానికొకటి ఎదురే పడవు! మా వీధి చివర ముసలి కమ్మరి ఒకాయన ఉండేవారు. చూసి, నవ్వాపుకోలేక, "అయ్యా, ఇవి కవలలు కావాలి, అద్దంలో బొమ్మలు కాదు" అన్నారు. రెండూ అచ్చు ఒకేలా ఉండాలి. ఒకదాన్ని తిరగేసి పెడితే చాలు, జత కుదురుతుంది. రివెట్టు కొట్టాక బిగుసుకుపోతే కీలును ఎర్రగా కాల్చి, చల్లారేదాకా తెరుస్తూ మూస్తూ ఉండాలి. అన్నట్టు, జింకు పూత ఉన్న జీఐ పైపులను మాత్రం కొలిమిలో పెట్టకండి. ఆ పొగ పీలిస్తే చలితో జ్వరం పట్టుకుంటుంది.

లారీ కమాను పట్టీతో ఉలి చేయడం కూడా చెబుతాను. అయస్కాంతం అంటుకోవడం మానేదాకా కాల్చి, ఆపైన ఇంకొంచెం కాల్చి, నూనెలో ముంచి... ఉండండి, ఉలి తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నాకు భోజనం సహించదు.

ఒక శిక్షణ సంస్థలో పిల్లలకు పని నేర్పమని పిలిచారు. పేరు చెప్పను. వెళ్లేసరికి సీలు వేసిన పెట్టెల్లో కొన్న పటకార్లున్నాయి. కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు! దవడ సందులో కడ్డీ వదులుగా ఊగుతోంది. ఎర్రగా కాలిన ముక్క జారి ఒక కుర్రవాడి చెప్పు మీద పడింది. చెప్పు కాలింది, కాలు తప్పించుకుంది. ఆ మర్నాటి నుంచి పెట్టెలు మూసేసి, పిల్లలచేత పన్నెండు పటకార్లు చేయించాను. ఎవరు పట్టే కడ్డీకి తగ్గ దవడ వారిది. అమ్మా, మీరు చెప్పండి, మీ అట్లకాడ మీ పెనానికి సరిపోవాలా, రిజిస్టరుకా? స్టోరులో అడిగింది ఒక్కటే, "బిల్లు ఏది?" బిల్లు లేని వస్తువు స్టాకు రిజిస్టరులోకి ఎక్కదట. చేసిన పిల్లల పేర్లు రాసిస్తానన్నాను. పేర్లకు గడి లేదన్నారు. నెల తిరక్కుండా పన్నెండూ తుక్కులోకి వెళ్లాయి.

పాత ఇనుము కొట్టు దాకా వెతుక్కుంటూ వెళ్లాను. ఎనిమిదిన్నర కిలోలు తూగాయి. కిలో నలభై చొప్పున మూడు వందల నలభై ఇచ్చి తెచ్చుకున్నాను. కొట్టాయన అడగకుండానే రశీదు రాసిచ్చాడు.

కాబట్టి ఇప్పుడు వాటికి బిల్లుంది. అవన్నీ బయట చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద పెట్టాను. వడ్డన అయ్యేలోగా చేతిలోకి తీసుకుని చూడండి. మూడోదాని కీలు కాస్త బిగువు. ఉలి సంగతి కావలసినవారు నా విస్తరి పక్కన కూర్చోండి.