గూడు గట్టిగా మూసి నేను చేసిన పొరపాటు
నమస్తే అండీ. నా వెనకాల తెల్లగా కనిపిస్తున్నదంతా మంచే. డాలస్‌లో ఉన్నప్పుడు మా ఆరు కోడిపెట్టలకి వడదెబ్బ తగలకుండా నీళ్లలో ఐసుముక్కలు వేసేవాణ్ణి. మిన్నియాపోలిస్ వచ్చాక ఆ నీళ్లే చూస్తుండగా రాయైపోతున్నాయి.

మొదటి చలికాలం గుంటూరు నుంచి అమ్మ ఫోను. "ఒరేయ్, బిగుసుకుపోయి చస్తాయిరా, గూడు గట్టిగా మూసెయ్!" మన ఊళ్లో గంప బోర్లించి పైన గోనెపట్టా కప్పితే సరిపోయేది కదా. నేనూ సందు కనపడిన చోటల్లా ప్లాస్టిక్ కొట్టేశా. మర్నాడు తలుపు తీసి టార్చి వేస్తే కప్పు లోపలంతా నీటిబొట్లు, మేకుల మొనలకి మంచు. అమ్మోనియా ఘాటుకి కళ్లు మండాయి. మా తెల్ల లెగ్‌హార్న్ జాతి పెట్టకి తల మీది ఎర్ర జుట్టు చివర్లు పాలిపోయి ఉన్నాయి. కొన్నాళ్లకి నల్లబడ్డాయి. ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి గడ్డకట్టి చచ్చుబడిందన్నమాట. పక్కనే కూర్చున్న వయాన్‌డాట్ జాతి పెట్టకి జుట్టు తలకి అంటుకుని ఉంటుంది, దానికేమీ కాలేదు.

కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. ఒళ్లు పొడిగా ఉంటే ఈకలు ఉబ్బించుకుని చలిని కాచుకుంటుంది. తేమతోనే చిక్కు. రాత్రంతా ఊపిరిలోంచి, రెట్టలోంచి వచ్చే ఆవిరికి బయటికి దారి లేకుండా చేసింది నేనే.

ఇదిగో, ఇప్పుడు చూడండి. కప్పు కిందే రెండు పక్కలా సందులు వదిలి ఇనుప వల కొట్టా. కోళ్లు కూర్చునే చెక్క ఆ సందులకి బాగా దిగువన ఉంది, ఈదురుగాలి నేరుగా తగలదు. చెక్క వెడల్పు వైపు పైకి పెట్టాను, కూర్చుంటే కాలివేళ్లు ఈకల కింద దాక్కుంటాయి. నేల మీద జానెడు మందాన చెక్కపొట్టు.

హీట్ ల్యాంప్ మాత్రం పెట్టను. కింద పొట్టు, చుట్టూ ఈకలు, దుమ్ము. జారిపడిందా, గూడు బూడిదే. నీళ్ల గిన్నె కింద చిన్న హీటర్ ఉంది, చాలు. పడుకునే ముందు గుప్పెడు మొక్కజొన్న గింజలు వేస్తా.

గుడ్లు తగ్గాయని టెన్షన్ పడకండి. బాగా పెట్టాలంటే పెట్టలకి రోజుకి 14 గంటలైనా వెలుతురుండాలి. డిసెంబరు చివర్లో ఇక్కడ పగలు 9 గంటలు కూడా ఉండదు. ఇప్పుడు మా ఆరింటిలో పెడుతున్నది ఒక్కటే. అదిగో, అరుస్తోంది! గుడ్డు అక్కడే వదిలేస్తే గడ్డకట్టి పెంకు చిట్లుతుంది. కన్నా, ఈ కెమెరా కాస్త పట్టుకో, తెచ్చేస్తా.