ఎలుక పిండంలో ముందుమెదడు: పాక్స్6, ఎమ్ఎక్స్2 గీసి చూద్దాం

హాయ్ అండీ, గుంటూరు నుంచి మళ్ళీ వచ్చేశా, బయట లారీ హారన్లు వినపడితే సర్దుకోండి. ఇదిగో న్యూరల్ ట్యూబ్, అంటే మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం, ఇది ముందు కొన, ఇది ఉబ్బి టెలెన్సెఫలాన్, అంటే ముందుమెదడులో ముందు భాగం, దీని వెనక డైఎన్సెఫలాన్, ముందుమెదడులో వెనక భాగం, పోదాం. ఇక్కడ ముందు అంచున ఎఫ్‌జీఎఫ్8, కింద నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్, పైన మధ్యలో వింట్‌లు, బీఎంపీలు, ఇవన్నీ పుట్టిన చోటు నుంచి చుట్టూ పాకే సిగ్నల్ ప్రోటీన్లు. సోనిక్ తీసేస్తే పిండానికి ఒకటే కన్ను, అది ఇంకో వీడియోలో చూద్దాం.

సెల్‌కి తను ఎక్కడుందో ఎలా తెలుసుద్దంటే, మన మిర్చి యార్డు దగ్గర ఆటో దిగితే తుమ్ములే తుమ్ములు, దూరం జరిగేకొద్దీ ఘాటు తగ్గుద్ది కదా, కళ్ళు మూసుకున్నా ఎంత దూరమొచ్చామో ముక్కే చెప్పుద్ది, అంతే, ఈ సిగ్నల్ ప్రోటీన్ల ఘాటూ అంతే.

ఇప్పుడు కార్టెక్స్, అంటే టెలెన్సెఫలాన్ పై పొర. ఆ ఘాటుని బట్టి సెల్ కొన్ని జీన్లని ఎక్కువ తక్కువ ఆన్ చేస్తది, వాటిలో రెండు ఇవి. ఎరుపు పాక్స్6, ముందు, పక్క వైపు ఎక్కువ. నీలం ఎమ్ఎక్స్2, వెనక, మధ్య వైపు ఎక్కువ. అయ్యో తప్పు గీశా, కంట్రోల్ జెడ్, ఈ బటన్ పెన్ను మీదే పెట్టుకోండి బాబూ, ప్రాణం లేచొస్తుంది.

ఇక్కడ ఆగండి, నేను ఎమ్మెస్సీలో బోల్తా పడింది ఇక్కడే. ఎమ్ఎక్స్2 తీసేస్తే వెనక భాగం ఊడిపోద్ది, ముందుది అలాగే ఉంటదని రాసొచ్చా. కాదు. కార్టెక్స్ కొంచెం చిన్నదవుద్ది నిజమే, కానీ అసలు సంగతి ఏరియాల మధ్య హద్దు, అదే మన పొలం గట్టు లాంటిది, జరగడం, చూడండి, గట్టు ఇలా వెనక్కి జరిగింది, వెనకుండే చూపు ఏరియా కుంచించుకుంది, ఆ జాగాలోకి ముందు ఏరియాలు వచ్చేశాయి. పాక్స్6 పోతే గట్టు ఇటు, ముందుకి. మళ్ళీ చెప్తా, ఎమ్ఎక్స్2 పోతే వెనక్కి, పాక్స్6 పోతే ముందుకి. 2000లో బిషప్, గుడ్రో, ఓ'లియరీ వాళ్ళు చూపించారు. ఈ జీన్ పోయిన ఎలుక పిల్లలు పుట్టగానే చచ్చిపోతాయి, అందుకే పుట్టబోయే ముందే ఏది ఏ ఏరియానో గుర్తుపట్టించే మార్కర్ జీన్లు, మెదడు లోపలి థాలమస్ నుంచి కార్టెక్స్‌కొచ్చే ఆక్సాన్లు, అంటే నరాల తీగలు, చూసి గట్టు ఎక్కడుందో పట్టుకున్నారు.

మీరే చూడాలంటే అలెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఆన్‌లైన్ డెవలపింగ్ మౌస్ బ్రెయిన్ అట్లాస్‌లో జీన్ పేరు కొట్టి ఈ13.5, అంటే 13.5 రోజుల పిండం, తీయండి, ముందు ముక్కు ఎటుందో చూసుకోండి, ఎడమే ముందు అనుకోకండి.

చివరిది, నాకు భలే ఇష్టం. 2001లో ఫుకుచి-షిమోగోరి, గ్రోవ్, 11.5 రోజుల పిండంలో కార్టెక్స్ వెనక వైపు ఎఫ్‌జీఎఫ్8 జీన్ కరెంటు షాక్‌తో ఎక్కించారు. కార్టెక్స్‌లో ఎలుక మీసాల స్పర్శ అందుకునే మ్యాప్ మామూలుగా ఒకటే ఉంటది కదా, జూమ్ చేస్తా ఆగండి... ఇదిగో, రెండోది.