ఫోన్-ఇన్: మాంసం బొమికలు ఎండబెట్టి కుక్కకి పెట్టొచ్చా?

యాంకర్: నెక్స్ట్ కాలర్ లైన్లో ఉన్నారు డాక్టర్ గారూ. చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్కారమండీ, చెన్నై, పెరంబూర్ నుంచి. మాది నెల్లూరు వైపులెండి, ఇక్కడికొచ్చి 30 ఏళ్లయింది. మా కుక్క టింకు గురించి అడగాలి, ల్యాబ్రడార్ జాతి, నాలుగేళ్లు. బయట కొనే ట్రీట్స్ రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, అందుకని మా అమ్మమ్మ ఉప్పుకండం పెట్టేది కదా, అదే లెక్కలో ఉప్పూ కారం లేకుండా మాంసం అంటుకున్న మటన్ బొమికలు, కోడి మెడలు మిద్దె మీద రెండ్రోజులు ఎండబెట్టి, తర్వాత మా అబ్బాయి కొన్న ఎయిర్ ఫ్రయర్లో తక్కువ వేడి మీద నాలుగైదు గంటలు ఉంచా. కరకరా నమిలేస్తోంది. కానీ నిన్న దొడ్డికెళ్లడానికి చాలా ముక్కింది, వచ్చింది కూడా తెల్లగా, సుద్దముక్కలాగా.

డాక్టర్: సుద్దముక్క అన్నారు చూడండి, అది బొమిక పొడేనమ్మా. లోపల గట్టిపడి అడ్డం పడుతోంది. ఇవాళ తిండి తింటోందా? వాంతులేమైనా?

కాలర్: లేదండి, తింటోంది, ఇవాళ మామూలుగానే వెళ్లింది.

డాక్టర్: హమ్మయ్య. మళ్లీ ముక్కినా, వాంతులైనా, దొడ్లో రక్తం కనబడినా, పొట్ట ఉబ్బినా ఆగకండి, మీకు వేపేరి దగ్గరే కదా, వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లిపోండి, ఎక్స్‌రే తీస్తారు. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని మాత్రం పెట్టుకోకండి, మొనదేలిన ముక్క పైకొచ్చేటప్పుడు గొంతు చీల్చేస్తుంది.

కాలర్: అయ్యో, పచ్చి బొమికైతే డేంజర్, ఎండితే పర్లేదనుకున్నానండీ.

డాక్టర్: అందరూ అదే అనుకుంటారు. పచ్చిగా ఉన్నప్పుడు బొమిక కాస్త వంగుతుందమ్మా, వేడి తగిలి తేమ పోయిందంటే గాజు పెంకులాగా పగులుతుంది. అలాగని పచ్చిది పెట్టమనట్లేదు, దాంట్లో క్రిములు వేరే. అమెరికాలో ఎఫ్‌డీఏ అని, తిండీ మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఉంది, వాళ్లు 2017లో ఇలాంటి ఎండబెట్టిన, పొగపెట్టిన బొమిక ట్రీట్స్ మీదే హెచ్చరిక ఇచ్చారు, అవి షాపులో కొన్నవి, అయినా దాదాపు 15 కుక్కలు చచ్చిపోయినట్టు వాళ్లకి రిపోర్టులొచ్చాయి. నేనైతే ఒక మూలగ బొమిక కేసు చూశా, గుండ్రంగా గాజులా కోసిస్తారు కదా మటన్ కొట్లో, అది కింద దవడకి ఉంగరంలా ఎక్కి కూర్చుంది, కుక్కకి మత్తిచ్చి రంపంతో కొయ్యాల్సొచ్చింది. ఆ ఇంటాయన చేతులు నాకంటే ఎక్కువ వణికాయి.

యాంకర్: బాబోయ్! మరి ఎండలో పెట్టడం సంగతేంటి డాక్టర్ గారూ?

డాక్టర్: చెన్నైలోనా? ఈ సముద్రపు గాలికి బట్టలే సరిగ్గా ఆరవు, ఇక మాంసమేం ఆరుతుంది. రెండ్రోజులు గోరువెచ్చగా ఉండి, ఈగలు వాలి, సాల్మోనెల్లా అని, కడుపు పాడుచేసే క్రిమికి పెళ్లి భోజనం అన్నమాట. ఉప్పుకండంలో కాపాడేది ఆ ఉప్పే, మీరు కుక్క కోసమని అదే తీసేశారు! పైగా తడిగా ఉన్నప్పుడే క్రిములు వేడికి చస్తాయి, ముందు ఎండిపోయాయంటే మొండికేస్తాయి, తర్వాత ఎయిర్ ఫ్రయర్లో పెట్టినా కొన్ని బతికేస్తాయి. టింకుకి ఏమీ అవ్వకపోవచ్చు, కానీ అది వచ్చి పిల్లాడి మొహం నాకిందనుకోండి...

కాలర్: మనవడున్నాడండీ, రెండేళ్లు. (కాసేపు మాట లేదు) మరి ఏం పెట్టమంటారు?

డాక్టర్: బొమిక వదిలెయ్యండి, మాంసం మాత్రం ఎండబెట్టండి. బోన్‌లెస్ చికెన్, కొవ్వు లేని ముక్క, సన్నగా చిన్నవేలి మందాన కొయ్యండి. ముందు నీళ్లలో ఉడికించండి, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వద్దు, ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి, మాంసానికి గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ డౌటే ఉండదు. తర్వాత తడి తుడిచి ఎయిర్ ఫ్రయర్లో 80లో పెట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మధ్యమధ్యలో తిప్పండి. టైమ్ నన్నడక్కండి, ముక్క మందాన్ని బట్టే. ఒకటి చల్లారాక విరిచి చూడండి, లోపల మెత్తగా తడి తగిలితే ఇంకా అవ్వలేదు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యండి, వేడిగా మూత పెడితే చెమట పట్టి బూజొస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులకి సరిపడా ఉంచి మిగతాది ఫ్రీజర్లో పడేయండి.

కాలర్: కానీ దానికి కొరకడానికి గట్టిది కావాలండీ, లేకపోతే చెప్పులు తింటుంది.

డాక్టర్: కొరకడానికి రబ్బరు బొమ్మలివ్వండి. దేన్నైనా గోటితో నొక్కి చూడండి, గోరు కాస్త కూడా దిగకపోతే అది పన్ను విరగ్గొట్టేంత గట్టిదని. పైదవడలో పెద్ద పన్ను చీలిపోతే వచ్చే బిల్లు ముందు మీ ట్రీట్స్ రేటు ఎంతండీ! ఆ మటన్ బొమికలు ఉడకబెట్టి సూప్ వడగట్టి, పైన తేలిన కొవ్వు తీసేసి అన్నంలో కలపండి, బొమికలు మటుకు పారేయండి. ట్రీట్ అన్నది రోజు తిండిలో పదో వంతు దాటకూడదు, ల్యాబ్ కదా, అడుగుతూనే ఉంటుంది.

కాలర్: ఫ్రిజ్‌లో ఇంకో డబ్బాడు ఉన్నాయండీ చేసినవి. మా వీధిలో కుక్కలున్నాయి, వాటికి వేసేయనా?

డాక్టర్: వాటివీ పేగులే కదమ్మా.

కాలర్: అవునండీ... సరే, కవర్లో ముడేసి చెత్తబండి వచ్చినప్పుడు వాళ్ల చేతికే ఇస్తా. (వెనక కుక్క అరుపు) ఒరేయ్ ఆగరా, డాక్టర్ గారు వద్దన్నారు!