నెగటివ్ వచ్చాక కూడా వీడని భయం

సభకు నమస్కారం.

హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నాకు కొన్నిసార్లు పాజిటివ్ వచ్చినవారి కన్నా నెగటివ్ వచ్చినవారితో మాట్లాడటమే కష్టమవుతుంది. ఒక యువకుడు ప్లాస్టిక్ కవరులోంచి ఏడు రిపోర్టులు తీసి తేదీలవారీగా బల్లమీద పరిచాడు. మొదటిది వైరస్ సోకిందేమోనని భయపడిన ఘటన తర్వాత ఆరో వారంలో చేయించినది, చివరిది రెండేళ్ల తర్వాతది, అన్నీ నెగటివే. "మేడమ్, ఇంకొక్కసారి చేయండి, ఇదే ఆఖరు" అంటున్నంతసేపూ అతని వేళ్లు దవడ కింద గ్రంథులను తడుముతూనే ఉన్నాయి. రోజంతా నొక్కి చూసుకోవడంవల్ల అక్కడ నొప్పి పుట్టింది. ఆ నొప్పినే జబ్బుకు రుజువుగా చూపించాడు.

వైరస్ ఒంట్లో చేరిన వెంటనే పరీక్షకు అందదు. ఆ వ్యవధినే విండో పీరియడ్ అంటాం. చేతి నరంలోంచి తీసిన రక్తంతో ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష, వైరస్‌పై శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలతోపాటు వైరస్‌కు చెందిన పీ24 యాంటిజెన్ అనే ప్రోటీన్‌నూ పట్టుకుంటుంది కాబట్టి, దానికి 45 రోజుల గడువు చాలు; ప్రతిరక్షకాలను మాత్రమే చూసే పరీక్షలకు 90 రోజులు. హెచ్‌ఐవీ సోకకుండా నివారణ మందులు వాడినవారు మాత్రం తమ గడువు డాక్టరునే అడగాలి. గడువు దాటాక, మధ్యలో మళ్లీ వైరస్ సోకే ప్రమాదమేదీ లేకపోతే, నెగటివ్ అంటే లేదనే అర్థం.

అయినా భయం ఎందుకు పోదు? రిపోర్టు చేతికందగానే గుండె తేలికపడుతుంది, రెండు రాత్రులు నిద్ర పడుతుంది, మూడోనాడు 'శాంపిల్ మారిపోయిందేమో' అన్న అనుమానం మొదలవుతుంది. ఆ కాస్త ఊరట కోసమే మనసు మళ్లీ పరీక్ష అడుగుతుంది. ఆందోళనవల్ల ఆకలి మందగించి బరువు తగ్గితే, అదీ లక్షణాల జాబితాలో చేరుతుంది. నేను చూసినంతలో చాలామందిని లోపల తినేస్తున్నది వైరస్ భయం కన్నా 'తప్పు చేశాను, శిక్ష పడకుండా ఉంటుందా' అన్న అపరాధభావం. దానికి రక్తపరీక్ష జవాబు చెప్పలేదు.

కనుక ఇది చికిత్స ఉన్న మానసిక సమస్య అని గుర్తించాలి. ఆలోచనల్నీ అలవాట్లనీ మాటల ద్వారా, సాధన ద్వారా మార్చే ఆలోచనా ప్రవర్తనా చికిత్స (సీబీటీ) బాగా పనిచేస్తుంది, అవసరమైతే మనోవైద్యులు మందులూ ఇస్తారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివారు 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇంట్లోవాళ్లు పదేపదే "నీకేం లేదు" అని ధైర్యం చెప్పడం కూడా మరో పరీక్షలాంటిదే. అది మానడం వారికీ కష్టమని నాకు తెలుసు.

ఆ యువకుణ్ని మొదటి వారం మేం అడిగింది ఒక్కటే, మెడ నొక్కాలనిపించినప్పుడు పావుగంట ఆగమని. ఆగలేకపోయిన సార్లను కూడా నోటుపుస్తకంలో నిజాయితీగా రాసుకొచ్చాడు. మూడో వారానికి దవడ కింద నొప్పి తగ్గింది.