బుద్ధిమంతమైన డేటాకు బగ్‌లు దొరకవు

అందరికీ నమస్కారం. సెలవు రోజు పనులు మానుకుని వచ్చారు కనుక నేరుగా విషయంలోకి వెళతాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీద మాట్లాడమంటే ఈ మధ్య అందరూ కృత్రిమ మేధ మన ఉద్యోగాలు ఊడగొడుతుందా అన్న ప్రశ్నతోనే మొదలుపెడుతున్నారు. దాని దగ్గరికి చివర్లో వస్తాను, అదీ క్లుప్తంగా. నేను మాట్లాడదలచుకున్నది అంతకంటే పాత సంగతి: మన పరీక్షలకు మనం ఇచ్చే డేటా, అందులోనూ ఏ చిక్కూ పెట్టని బుద్ధిమంతమైన డేటా.

2024 జూలై 19, శుక్రవారం. మన గడియారంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన ఖాతాదారుల విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలు పంపింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. విమానాలు నిలిచాయి, ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు వాయిదా పడ్డాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి సిబ్బంది చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటోను ఆ రోజు దేశమంతా చూసింది.

వార్తలు అక్కడితో ఆగిపోయాయి. మనకు పనికొచ్చేది ఆ సంస్థ ఆగస్టులో బయటపెట్టిన కారణాల నివేదిక. ఆ ఫైలు కోడ్ కాదు. ఏయే ప్రవర్తనను అనుమానించాలో చెప్పే నియమాల డేటా. అందులో ఒక రకం నియమానికి 21 గడులు ఉన్నాయి. దాన్ని చదివే ప్రోగ్రామ్‌కు మాత్రం 20 విలువలే అందుతున్నాయి. ఈ తేడా ఫిబ్రవరి నుంచీ ఉంది. మరి ఐదు నెలలు ఎవరికీ ఎందుకు కనబడలేదు? పరీక్షల్లోనూ, అంతకుముందు విడుదలైన నియమాల్లోనూ 21వ గడిలో వైల్డ్‌కార్డ్ పెట్టారు. అంటే 'అక్కడ ఏదున్నా సరే' అని. ఏదున్నా సరే అన్నప్పుడు ప్రోగ్రామ్ అటువైపు తొంగి చూడదు. జూలై 19న వచ్చిన నియమం మొదటిసారిగా ఆ గడిలో నిజమైన విలువ కోసం వెతకమంది. లేని చోట మెమరీని చదవబోయి ప్రోగ్రామ్ కూలింది. అది విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో నడిచేది కావడంతో విండోస్‌ను కూడా తనతో తీసుకుపోయింది.

ఫైళ్లను ముందుగా తనిఖీ చేసే సాధనం ఒకటి ఉండనే ఉంది. అదీ 21 విలువలు అందుతాయనే నమ్మింది. తనిఖీ చేసేదీ, తనిఖీకి వచ్చినదీ ఒకే పొరపాటు నమ్మకం మీద నిలబడితే ఫలితం ఎప్పుడూ పాసే. పైగా ఆ సంస్థ కోడ్ మార్పులను విడతలవారీగా విడుదల చేసేది కానీ, ఈ డేటా ఫైళ్లను ఒకేసారి అందరికీ పంపేది. 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకున్నారు. అప్పటికే కూలిన కంప్యూటర్ల దగ్గరికి మాత్రం మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది.

'కోడ్ మారలేదు, కాన్ఫిగరేషన్ ఒక్కటే మార్చాం, టెస్టింగ్ అక్కర్లేదు' అనే మాట మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తనక్కర్లేదు, నవ్వులే చెబుతున్నాయి. పన్ను రేట్ల పట్టిక, అనువాదాల ఫైలు, ఒక సదుపాయాన్ని ఆన్, ఆఫ్ చేసే ఫీచర్ ఫ్లాగు, ఎస్సెమ్మెస్ నమూనా, ఇవన్నీ ఆ మాట చాటున ప్రొడక్షన్‌లోకి, అంటే ఖాతాదారులు వాడే అసలు వ్యవస్థలోకి, నడిచి వెళ్లేవే. ఏ ఫైలు ప్రొడక్షన్‌ను ఆపగలదో ఆ ఫైలుకు బిల్డ్‌తో, అంటే విడుదలకు సిద్ధమైన కోడ్‌తో, సమానంగా పరీక్ష జరగాలి, విడతలవారీ విడుదల ఉండాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక మీ దగ్గరున్న టెస్ట్ కేసుల్లో 21వ గడులు ఎక్కడున్నాయో వెతకండి. కోడ్‌లోని చిన్న ముక్కలను పరీక్షించే యూనిట్ టెస్టుల్లో ఏ విలువ వచ్చినా ఒప్పుకునే మాక్‌లు (అసలు భాగాల స్థానంలో పెట్టే నకిలీలు), ఎప్పుడూ డిఫాల్ట్ విలువతోనే నడిచే సెట్టింగులు, తప్పనిసరి కాదని ప్రతిసారీ ఖాళీగా వదిలేసే ఫారం గడులు. ప్రతి ఐచ్ఛిక గడికీ నిజమైన విలువ ఇచ్చే పరీక్ష కనీసం ఒకటి ఉందా? నా అనుభవంలో ఈ ఒక్క వెతుకులాట కొత్త ఆటోమేషన్ సాధనం కంటే ఎక్కువ బగ్‌లు తెచ్చిపెడుతుంది. ఖర్చు కూడా ఏమీ ఉండదు. అందుకే కాబోలు, దీని గురించి ఎవరూ అమ్మకపు ప్రసంగాలు చేయరు.

ఇప్పుడు మన భాష దగ్గరికి వద్దాం. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను పడగొట్టింది. అది 'జ్ఞా'. మెసేజ్‌లో వస్తే ఆ యాప్ కూలేది. నోటిఫికేషన్‌లో కనిపిస్తే కొన్నిసార్లు ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పట్లో చాలామంది తెలుగు లిపి సంక్లిష్టతను తప్పుపట్టారు. లిపి తప్పేమీ లేదు. మనం మామూలుగా టైప్ చేసే జ్ఞా వేరు, ఫోన్లను కూల్చిన వరుస వేరు. అందులో జ, పొల్లు, ఞ తర్వాత దీర్ఘానికి ముందు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం ఉంది. కొన్ని బెంగాలీ, దేవనాగరి వరుసలతోనూ ఇదే జరిగింది. అక్షరాలను తెరమీద పేర్చే భాగానికి ఆ కలయికను ఎవరూ చూపించి ఉండరు.

ఆ సంకేతం అరుదైనదని అనుకోకండి. 'సాఫ్ట్‌వేర్' అని సరిగా కనబడేలా రాయాలంటే ట్ తర్వాత అది కావాలి. లేకపోతే వ కూడా వెళ్లి ఫ కింద ఒత్తుగా చేరుతుంది. కొందరు దాన్ని పెడతారు, కొందరు పెట్టరు. మీ యాప్‌లో వెతుకుడు పెట్టెలో ఒక రకంగా కొడితే రెండో రకంగా రాసినది దొరుకుతుందా? సోమవారం ఆఫీసులో చూడండి.

మరొకటి. వెంకటేశ్వరరావు. మనం చదివేటప్పుడు ఏడు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్‌లో 14 కోడ్ పాయింట్లు, అంటే 14 సంకేతాలు. వాటిని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో 42 బైట్లు. కాలమ్ వెడల్పును బైట్లలో కొలిచే డేటాబేస్‌లో పేరుకు 30 బైట్లు కేటాయించి, మిగిలినది కోసేశారనుకోండి, ఆయన వెంకటేశ్వరగా మిగులుతారు. 25 బైట్లు ఇస్తే వెంకటేశ్ తర్వాత సగం తెగిన సంకేతం, తెరమీద ఒక ప్రశ్నార్థకం. ఇంటిపేరు ముందు రాసేవారు, పొడి అక్షరాలతోనే గడిపేవారు, ఒకే పదం పేరుగా ఉన్నవారు మన చుట్టూ ఉన్నారు. మన టెస్ట్ డేటాలో మాత్రం జాన్ స్మిత్ ఒక్కడే తిరుగుతుంటాడు. ఎస్సెమ్మెస్ సంగతి కూడా ఇంతే. ఇంగ్లిషులో 160 అక్షరాలు పట్టే సందేశంలో తెలుగుకు 70 కోడ్ పాయింట్లే పడతాయి. అది దాటితే రెండు ముక్కలవుతుంది, బిల్లు కూడా రెండింటికి వస్తుంది. ఈ లెక్క తెలియక ప్రచారం మొదలుపెట్టిన వ్యాపార విభాగం నెలాఖరున మన దగ్గరికే వస్తుంది.

పేర్లకే కాదు, ముఖాలకూ ఇది వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసినవారిలో యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు. ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారించే ఈ-కేవైసీలో కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమంటే వారికి అది సాధ్యం కాదు. రెప్ప ఆర్పడం అందరికీ వచ్చని నమ్మిన టెస్ట్ కేసు ఎన్ని రిలీజులలో పాసై ఉంటుందో! యూరప్‌లోనూ దివ్యాంగుల కోసం తెచ్చిన అందుబాటు చట్టం 2025 జూన్ 28 నుంచి వర్తిస్తోంది. అక్కడి ఖాతాదారులకు పనిచేసే హైదరాబాద్ బృందాలు తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పరీక్షించడాన్ని ఇక తర్వాతి స్ప్రింట్‌కు, అంటే తర్వాతి పని విడతకు, తోసేయలేవు.

సరే, కృత్రిమ మేధ. కోడ్ చూపించి దానికి పరీక్షలు రాయమంటే చకచకా రాసిపెడుతుంది, కోడ్‌లో ఎంత భాగం పరీక్షకు వచ్చిందో చెప్పే కవరేజ్ అంకె పెరుగుతుంది, మేనేజర్ సంతోషిస్తారు. కానీ 20 విలువలిచ్చే కోడ్‌ను చూసి రాసిన పరీక్ష ఆ 20నే సరైన లెక్కగా తీసుకునే ప్రమాదం ఉంది. కోడ్ చూపించకండి, అవసరాల పత్రం చూపించండి. ఇంకా మంచిది, పరీక్షలకు బదులు మొండి డేటా అడగండి. వంద వింత పేర్లు, తప్పుడు తేదీలు, తెగిన ఫైళ్లు తయారు చేయడంలో దానికి విసుగు రాదు, మనకు వస్తుంది.

అయితే నిజమైన ఖాతాదారుల డేటాను దానికిచ్చి 'ఇలాంటివి తయారు చెయ్యి' అనకండి. ప్రొడక్షన్ డేటాబేస్‌ను అలాగే టెస్ట్ సర్వర్‌లోకి దించుకునే అలవాటునూ మానాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. దీనికి విరుగుడుగా చాలా బృందాలు పేర్లన్నిటినీ యూజర్1, యూజర్2 అని మార్చేస్తున్నాయి. గోప్యత దక్కింది కానీ డేటా మళ్లీ బుద్ధిమంతమైపోయింది. పేరు మార్చండి, స్వభావాన్ని ఉంచండి. తెలుగు పేరు స్థానంలో అంతే పొడవున్న మరో తెలుగు పేరు, ఒంటి పదం చోట ఒంటి పదం, ఖాళీ చోట ఖాళీ, కనిపించని సంకేతం ఉన్న చోట అదే సంకేతం. దీనికి చిన్న స్క్రిప్ట్ చాలు, డెవలపర్లను బతిమాలనక్కర్లేదు. ఇలా అసలు వివరాలు దాచే మాస్కింగ్ అయ్యాక పొడవుల పంపిణీ, ఖాళీ గడుల సంఖ్య అసలు డేటాతో సరిపోతున్నాయో లేదో ఒక క్వెరీతో చూసుకోండి. తేడా వస్తే మాస్కింగ్ స్క్రిప్ట్ మీదే బగ్ రాయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.