పోచంపల్లి: రెండెకరాల లెక్క

నమస్కారం. పోచంపల్లి అనగానే మనకు ఇక్కత్ చీరలు గుర్తుకు వస్తాయి. ఈ వీడియోలో మాత్రం మగ్గాలను పక్కన పెట్టి, ఆ ఊరిలో సెంటు భూమి కూడా లేక ఇతరుల పొలాల్లో బతికిన కుటుంబాల గురించి చెప్పుకుందాం.

నిజాం పాలనలో తెలంగాణ పల్లెల భూమి అధికభాగం దేశ్‌ముఖ్‌ల, దొరల చేతుల్లో ఉండగా, దున్నేవారికి మిగిలినవి కౌలు, అప్పు, వెట్టి. 1946లో రాజుకున్న సాయుధ పోరాటం ఎన్నో గ్రామాలలో దొరలను తరిమి భూములు పంచింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించిన తరువాత ఆ దొరల్లో చాలామంది తిరిగివచ్చి ఆ భూములను మళ్లీ లాక్కున్నారు. నల్గొండ ప్రాంతం పోలీసులకు, కమ్యూనిస్టుల సాయుధ దళాలకు మధ్య నలుగుతున్న ఆ రోజులలోనే, హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో గాంధేయవాదుల సర్వోదయ సమ్మేళనానికి వచ్చిన గాంధీ శిష్యుడు వినోబా భావే అక్కడి నుంచి కాలినడకన బయలుదేరి 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు.

ఆయన దళితవాడకు వెళ్లినప్పుడు అక్కడివారు తమకు భూమి కావాలని అడిగారు. ఎంత కావాలంటే 80 ఎకరాలన్నారు: 40 కుటుంబాలు, కుటుంబానికి రెండెకరాలు, సగం తరి, అంటే నీటి పారకం ఉన్నది, సగం కుష్కి, అంటే మెట్ట. ప్రభుత్వంతో మాట్లాడతానని మొదట చెప్పిన వినోబా, అంతలోనే ఊరివారి వైపు తిరిగి, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని అడగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూదానోద్యమం అలా పుట్టింది.

ఈ ఘట్టాన్ని ఇచ్చినవారి ఔదార్యంగా, అడిగించిన మహాత్ముడి మహిమగా చెప్పడం మనకు అలవాటు. నా దృష్టిలో అసలు ఘనత ఆ లెక్కదే. దానం కోరేవాడు ఎంతైనా సరే అంటాడు. వీరు మాత్రం ఏ కుటుంబానికి ఎంత, అందులో నీటి పారకం ఉన్నది ఎంత అన్నది రైతుల్లాగే లెక్క కట్టి చెప్పారు. ఆ మాటల వెనుక అయిదేళ్ల పోరాటం నేర్పిన ధైర్యం కూడా ఉందనడం అతిశయోక్తి కాదు.

తరువాత వినోబా తెలంగాణలో నడిచిన కొద్ది వారాల్లోనే 12 వేల ఎకరాలకు పైగా దానాలు వచ్చాయి. దానపత్రం మీద సంతకం వేరు, హద్దురాళ్లు పాతి పట్టా చేతిలో పెట్టడం వేరు. దేశమంతటా ఈ రెంటి మధ్యనే లక్షల ఎకరాలు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్ 1965లో చేసిన భూదాన, గ్రామదాన చట్టం ప్రకారం ఈ భూమి వారసులకు దక్కుతుంది కాని అమ్మడానికి వీలులేదు. అయినా హైదరాబాద్ విస్తరించి ధరలు పెరిగినకొద్దీ, నగరం చుట్టుపక్కల భూదాన్ సర్వే నంబర్ల మీద కబ్జా ఆరోపణలు, కోర్టు కేసులు నేటికీ నడుస్తూనే ఉన్నాయి.